పచ్చరంగు పడ్డ నాలుగెకరాలు

"సంతకం పెట్టవే! మూడింటికి సర్వేయరు వచ్చేస్తాడు," అన్నాడు పెద్దన్నయ్య. పొద్దుటి నుంచి ఇది అయిదోసారి.

నేను పెట్టలేదు. పెట్టననీ చెప్పాను. వింటేనా? వరండాలో బల్ల మీద నా పటం పరిచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా నాలుగు నీళ్ళ గ్లాసులు పెట్టి, పెన్ను నా ముందుకు తోస్తూనే ఉన్నాడు.

ఆ పటం గీసింది నేనే. మట్టి పరీక్ష కేంద్రంలో పదమూడేళ్ళుగా పనిచేస్తున్నాను. అందరి పొలాలకూ పటాలు గీస్తున్నాం కదా, మన ఇంటి పన్నెండెకరాలకూ ఒకటి గీద్దామని నాకే బుద్ధి పుట్టింది. అర ఎకరానికి ఒకటి చొప్పున ఇరవై నాలుగు గుంటలు తవ్వి, మట్టిని నీడన ఆరబెట్టి, జల్లించి, పరీక్షించి, రంగులు వేశాను. సారం దండిగా ఉన్నచోట పచ్చ, ఓ మోస్తరుగా ఉన్నచోట పసుపు, సారం చచ్చినచోట ఇటుక రంగు. ఎక్కడ ఎంత ఎరువు వెయ్యాలో, ఎక్కడ మానెయ్యాలో తెలిస్తే నేల పదికాలాలు బతుకుతుందని గీశాను గానీ, కొంపలు ముంచడానికి గీశానా?

బావి పక్కనున్న పైపొలం ఎనిమిదెకరాలూ ఇటుక రంగు, అక్కడక్కడ పసుపు. అది పెద్దన్నయ్య చేసుకుంటున్నది. కింది నాలుగెకరాలూ అంతా పచ్చ. అది చిన్నొదిన చేసుకుంటున్నది. చిన్నన్నయ్య పోయినప్పటి నుంచి, అంటే పదకొండేళ్ళుగా.

ఆ పటాన్ని వదినకు చూపించకుండా ముందు పెద్దన్నయ్య ఫోనుకు పంపాను. శభాష్ అనిపించుకుందామని. నా చెప్పుతో నన్నే కొట్టాలి! పంపిన రెండో రోజుకల్లా పంపకాల కాగితం తయారైంది. ఇన్నాళ్ళూ నోటిమాటగా ఉన్న వాటాలను ఇప్పుడు రాసుకుందామట. రాసేటప్పుడు చిన్న మార్పట. కింది నాలుగెకరాలు ఆయనకి, దానికి బదులు పైపొలంలో నాలుగెకరాలు వదినకి. కాగితానికి నా పటం జతపరుస్తాడు కాబట్టి దాని కింద నా సంతకం కావాలి.

"నేనేమన్నా వాటా ఎగ్గొడుతున్నానా?" అన్నాడు అన్నయ్య. "నాలుగెకరాలు తీసుకుంటున్నాను, నాలుగెకరాలు ఇస్తున్నాను. అదీ ఎక్కడ? బావి పక్కన, రోడ్డు పక్కన. తాతల నాటి నుంచి మనందరికీ తిండిపెట్టిన పొలం. కిందిదేమిటి? ఒట్టి చవుడు నేల. చవుడు అంటగట్టి బావిగట్టు లాక్కుంటే తప్పు. బావిగట్టు ఇచ్చి చవుడు తీసుకుంటానన్నా తప్పేనా?"

"చవుడు పోయి ఎన్నేళ్ళయింది అన్నయ్యా?"

"పోయిందని నీ పటమేగా చెప్పింది!"

"ఎలా పోయిందో కూడా చెప్పమంటావా?"

"అదంతా నాకెందుకే మట్టి డాక్టరూ? రోగం తగ్గిందా లేదా అన్నదే నాకు కావాలి."

పెద్దొదిన గుమ్మంలో నిలబడి కిసుక్కున నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఎలా పోయిందో ఈ ఇంట్లో ఎవరికి తెలియదు? మొదటి ఏడు ఆ నేల మీద ఉప్పు తెల్లగా పేరి ఉండేది. గింజ వేస్తే మొలక రాలేదు, వచ్చిన మొలక నిలవలేదు. ఆ ఉప్పు విరగడానికి వదిన జిప్సం చల్లింది. జీలుగ వేసి, మొక్క నడుమెత్తు పెరిగాక కోయకుండా నేలలోనే కలిపి దున్నింది. ఒకసారి కాదు, వరసగా అయిదేళ్ళు. కూరగాయల మార్కెట్ వాళ్ళతో మాట్లాడుకుని, వాళ్ళు పారబోసే ఆకులూ కుళ్ళిన కాయలూ వారానికి రెండు బళ్ళు తెచ్చి పొలం మూల కుప్ప వేసి మగ్గబెట్టేది. బండి ఈ ఇంటి ముందు నుంచి వెళుతుంటే పెద్దొదిన కిటికీలు ధడేల్ ధడేల్‌మని మూసేది. "చెత్తబండి వచ్చిందర్రా!" అనేవాళ్ళు. బండినే అనేవాళ్ళనుకున్నాను చాలాకాలం. వదినకు పెట్టిన పేరని తర్వాత తెలిసింది.

ఇప్పుడు ఆ చెత్తంతా బంగారమైంది. ఆ చెత్త వేసిన మనిషి మాత్రం అక్కర్లేదు.

"వదినను పిలిచి అడిగావా?" అన్నాను.

"కబురు పెట్టాను. వస్తోంది."

అంటుండగానే వచ్చింది. పొలం నుంచి నేరుగా వచ్చినట్టుంది, మోకాళ్ళ దాకా బురద. కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని, వరండా మెట్టు మీదే కూర్చుంది. పెద్దొదిన కుర్చీ జరిపింది గానీ వదిన లేవలేదు.

"అమ్మాయ్, విషయం నీకు తెలిసిందే కదా," అని మొదలుపెట్టాడు అన్నయ్య. బయటివాళ్ళతో మాట్లాడేటప్పటి గొంతు తెచ్చుకున్నాడు. "అంతా శాస్త్రీయంగా జరుగుతోంది. ఇదిగో పటం. నీ ఆడపడుచే గీసింది, నేను కాదు."

వదిన పటం వైపు చూసింది. చాలాసేపు చూసింది. పచ్చరంగు మీద వేలు పెట్టి, "ఇదేనా నాది?" అంది నాతో.

"అదే వదినా."

"బాగుంది," అంది. నిజంగానే సంతోషపడింది. ఆ సంతోషం చూసి నాకు ఏడుపొచ్చింది. పదకొండేళ్ళ చాకిరీని రంగులో చూసుకోవడం ఆమెకు అదే మొదటిసారి, అదీ లాక్కునే రోజున.

"అయితే పేచీ లేదుగా?" అన్నాడు అన్నయ్య.

"ఉంది బావగారూ. నేను పొలం మార్చుకోను."

లోపల కుక్కర్ కూత వేసింది. పెద్దొదిన వెళ్ళి కట్టేసి వచ్చింది. ఆవిడ వచ్చేదాకా అన్నయ్య పెన్ను మూత తీస్తూ, పెడుతూ కూర్చున్నాడు.

"బావి పక్క పొలం వద్దనేవాళ్ళని నిన్నే చూస్తున్నాను," అన్నాడు చివరికి.

"నేను వద్దన్నానా? ఆయన పోయిన నెలలోపే మీ కాళ్ళావేళ్ళా పడ్డాను కదా. బావి పక్కన రెండెకరాలైనా ఇవ్వండి, పిల్లతో బతకాలి అని. ఏమన్నారు మీరు? 'ఒంటరి ఆడదానివి, నీళ్ళ వంతుల కోసం కొట్లాడగలవా? కింద ఏది పండితే అది తిను' అన్నారు. తిన్నాను. ఏది పండితే అది కాదు, అక్కడ ఏదీ పండలేదు. మూడేళ్ళు కూలికెళ్ళి తిన్నాను."

"అప్పటి పరిస్థితులు వేరు."

"ఏం వేరు బావగారూ? అప్పుడు నాకు ముప్పై ఏళ్ళు, ఇప్పుడు నలభై ఒకటి. అదొక్కటే వేరు."

"అబ్బబ్బ! ఎప్పటివో తవ్వుకుంటూ కూర్చుంటే తెల్లారినట్టే," అంది పెద్దొదిన. "ఆ పొలాన్ని బాగు చేశావు కదమ్మా. చేసిన చేతులు ఎక్కడికి పోయాయి? పైపొలాన్నీ అలాగే చేసుకో."

వదిన మెల్లగా తలెత్తి ఆవిడ వైపు చూసింది. "ఏమన్నావక్కా?"

"అదే, అలవాటున్న పనేగా అంటున్నాను."

నేను ఇక ఆగలేకపోయాను. "సిగ్గుందా మీకు?" అని అరిచేశాను. "వండుకున్నవాళ్ళ విస్తరి లాక్కుని, మళ్ళీ వండుకో, నీకు వంటొచ్చుగా అంటారా? పైపొలాన్ని చంపిందెవరు? ఏడేళ్ళుగా మొత్తుకుంటున్నాను, ఎరువు బస్తాల మీద బస్తాలు వెయ్యకు, నేలలో కలిపేది ఏదైనా వెయ్యి, కోతయ్యాక కొయ్యకాళ్ళు తగలబెట్టకు, తగలబెట్టకు అని! ఒక్క ఏడాదైనా విన్నావా?"

"నోర్ముయ్!" అన్నాడు అన్నయ్య. లేచి నిలబడ్డాడు. "మూడు పంటలు పోయాయే నాకు! వరసగా మూడు! పక్క పొలంలో పండుతుంటే నా పొలం వైపు చూడటానికి మొహం చెల్లడం లేదు. పంట తగ్గినకొద్దీ ఒక బస్తా ఎక్కువ వేశాను, ఇంకేం చెయ్యాలి? నువ్వు కుర్చీలో కూర్చుని చెబుతావు. పెద్దాడిగా పుట్టిన పాపానికి అన్నీ నా నెత్తినే. నాకూ పిల్లలున్నారు."

ఒక్క క్షణం జాలేసింది. అబద్ధం చెప్పను, వేసింది. కానీ సొంత నేలను పాడు చేసుకున్నవాడి కష్టానికి తమ్ముడి పెళ్ళాం శిక్ష అనుభవించాలా? ఆ మాట తలుచుకునేసరికి జాలి కాస్తా కోపంగానే మారింది.

"సరే, సర్వేయరునే రానీ," అన్నాను. "కింది పొలం ఎవరు బాగు చేశారో ఆయనకు నేను చూపిస్తాను. ప్రతి ఏడూ వదిన మట్టి తెచ్చి నా దగ్గరే పరీక్ష చేయించింది. పదకొండు కార్డులు. ఏడాదికేడాది సారం ఎలా పెరిగిందో అంకెలతో సహా ఉంది. అంతకంటే ఏం కావాలి?"

అన్నయ్య నా వైపు అదోలా చూశాడు. లోపలికెళ్ళి ఒక ఫైలు తెచ్చాడు. తాపీగా ఒక్కో కార్డూ తీసి బల్ల మీద పేర్చాడు. పదకొండూ ఉన్నాయి. పట్టాలో ఉన్న చిరునామాకే మా కేంద్రం వాటిని పోస్టులో పంపుతుంది. ఆ సంగతి నాకు తెలియనిది కాదు, తట్టలేదంతే.

"ఇవేనా?" అన్నాడు. "చదువు. రైతు పేరు అన్నచోట ఏముందో పైకి చదువు."

చదవక్కర్లేదు. రాసింది నేనే. పదకొండు కార్డుల మీదా, నా గుండ్రటి రాతలో, పెద్దన్నయ్య పేరు.

ఫారంలో 'సాగు చేసే రైతు పేరు' అని అచ్చు వేసి ఉంటుంది. మేము మాత్రం పట్టా చూసి అందులో ఉన్న పేరు దించేస్తాం. అందరం అలాగే చేస్తాం. నేల ఎవరిదని అడుగుతాం గానీ ఎవరు దున్నుతున్నారని అడగం. నాన్న పోయాక పట్టా మొత్తం పెద్దన్నయ్య పేరు మీదికి మారింది. మా దగ్గరున్న పటాల్లో, పుస్తకాల్లో ఇలా ఎన్ని వందల పేర్లు తప్పో ఆ క్షణంలో గానీ నాకు స్ఫురించలేదు.

"చూశావుగా," అన్నాడు అన్నయ్య. "పదకొండేళ్ళుగా ఆ నేల నేనే సాగు చేస్తున్నట్టు నువ్వే రాశావు. నీ సంతకంతో."

వదిన లేచి వచ్చింది. ఒక కార్డు తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివింది. ఇంకోటి తీసుకుంది. అన్నీ చదివింది. పెద్దొదిన ఏదో అనబోతే అన్నయ్య చేత్తో వారించాడు.

"మట్టి సంచి మోసుకొచ్చింది ఎవరో నీకు తెలీదా అమ్మాయ్?" అంది నాతో.

"తెలుసు వదినా."

"నీ బల్ల ముందు కూర్చుని, నువ్విచ్చిన టీ తాగి, 'ఈసారి ఎంతొచ్చింది, ఈసారి ఎంతొచ్చింది' అని పసిపిల్లలా అడిగింది ఎవరో తెలీదా?"

"తెలుసు. అది... మా దగ్గర అలవాటు వదినా. పట్టా ఎవరి పేరునుంటే..."

"అలవాటు! మీ అన్నయ్యంటే నన్ను పరాయిదాన్ని చూసినట్టు చూశాడు, సరే. నువ్వు? పదకొండుసార్లు రాశావే. ఒక్కసారైనా నీ చెయ్యి ఆగలేదా? ఆ గడిలో నేను పట్టలేదా?"

పొద్దుటి నుంచి అన్నయ్యను కడిగేస్తూ పెద్ద ధర్మప్రభువులా కూర్చున్నాను. ఆమె చేతిలోంచి పొలం జారిపోయేలా చేసింది ఆయనొక్కడే కాదు.

వదిన కార్డులన్నీ సర్ది, అంచులు సమంగా తట్టి, తిరిగి అన్నయ్య ముందు పెట్టింది.

"బావగారూ, పట్టా మీది. కార్డులూ మీవే. నేను కాదనలేను. మీరు చెప్పినట్టే మార్చుకుందాం."

"అదీ మాట!" అన్నాడు అన్నయ్య. పెద్దొదిన ఊపిరి పీల్చుకుంది.

"వదినా!" అన్నాను నేను.

"ఉండు. నిన్నొకటి అడగాలి. పరీక్షకని నువ్వు ఎంత లోతు తవ్వుతావు?"

"ఆరంగుళాలు."

"ఆ కింద?"

"కింద చూడం. సారమంతా ఆ పై ఆరంగుళాల్లోనే ఉంటుంది."

"నా పొలంలో ఆ కింద ఏముంటుంది?"

"పాత చవుడే ఉండి ఉంటుంది," అన్నాను, ఎందుకడుగుతోందో అర్థం కాకుండానే.

వదిన అన్నయ్య వైపు తిరిగింది. "అయితే బావగారూ, నేల మీది, మీరు తీసుకోండి. పై ఆరంగుళాలు మాత్రం నాది. అది నేను తీసుకుపోతాను."

అన్నయ్యకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పకపకా నవ్వాడు. పెద్దొదిన కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మట్టి మోసుకుపోతుందటండీ! ఎక్కడ దాచుకుంటావు తల్లీ, బీరువాలోనా?"

"పైపొలంలో పోసుకుంటానక్కా. ఇకనుంచి అది నాదేగా." వదిన నవ్వలేదు. "అమ్మాయ్, నాలుగెకరాల్లో ఆరంగుళాల మట్టంటే ఎన్ని ట్రాక్టర్ లోడ్లవుతుంది?"

నేను చెప్పకూడదు. పై మట్టి గుప్పెడు కూడా పోనివ్వకండని రైతులకు చెప్పి చెప్పి అలిసిపోయినదాన్ని. కన్నబిడ్డలా పెంచుకున్న నేల చర్మం ఆమె చేతులతోనే ఒలిపించడమా? కానీ ఆమె అడుగుతోంది. ఇన్నేళ్ళూ ఆమె అడిగిన అంకె ఇవ్వనని ఎప్పుడూ అనలేదు.

"ఎనిమిది వందలు. కాస్త ఎక్కువే."

"రోజుకు ఇరవై తోలినా నలభై రోజులు. ఫరవాలేదు, పదకొండేళ్ళ కంటే తక్కువే."

అన్నయ్య నవ్వు ఆగిపోయింది. "పిచ్చెక్కిందా నీకు? పచ్చటి పొలాన్ని పాడు చేస్తే చూస్తూ ఊరుకుంటానా?"

"పాడు చెయ్యను బావగారూ," అంది వదిన. "మీరు నాకు ఎలా ఇచ్చారో, అలాగే మీకు అప్పజెబుతాను."

పెద్దొదిన కొంగు వదిలేసింది.

అప్పుడే గేటు చప్పుడైంది. సర్వేయరు మోటార్‌సైకిలు లోపలికి తోసుకుంటూ వచ్చాడు. నెత్తిన టోపీ, చంకలో పొడవాటి పుస్తకం. వస్తూనే మొహాలు చూసి, "ఏమిటి, రాజీ కుదిరిందా, కుదరలేదా?" అన్నాడు.

"కుదిరిందయ్యా," అంది వదిన. "పొడవూ వెడల్పూ తర్వాత కొలుద్దురు గాని. ముందు లోతు కొలిచి రాసుకోండి."

"లోతా? ఇరవై ఏళ్ళ సర్వీసులో పొలం లోతు కొలవమన్నవాళ్ళు లేరమ్మా!"

అన్నయ్య ఒక్క అంగలో ఆయన దగ్గరికెళ్ళాడు. "ఆవిడ మాటలు పట్టించుకోకండి. మీరు హద్దురాళ్ళు పాతండి. కావాలంటే ఇవి చూడండి," అని కార్డులన్నీ ఆయన చేతిలో కుక్కాడు. "కింది పొలం సాగు నాదే. ప్రభుత్వ కార్డులు."

సర్వేయరు నిలబడే ఒక్కోటీ తిప్పాడు. "నా పుస్తకంలో రెండు గడులున్నాయి," అన్నాడు. "పట్టా ఎవరిది, సాగు ఎవరిది. సాగు చేసేవాళ్ళు ఒప్పుకోందే నేను రాయి పాతను. కార్డుల ప్రకారం సాగూ వీరిదే ఉంది." మా కేంద్రానికి వచ్చిపోయేవాడే కాబట్టి నా వైపు చూశాడు. "ఈ రాత మీదేగా మేడమ్?"

"నాదే," అన్నాను. "పదకొండూ తప్పు రాశాను."

"నోటితో అంటే చెల్లదు," అన్నాడు సర్వేయరు నెమ్మదిగా. "రాసిస్తారా? పదకొండేళ్ళుగా తప్పుడు పేరుతో కార్డులు ఇచ్చానని? ఆలోచించుకోండి. ఈ కాగితం మీ పై అధికారి బల్ల మీదికి వెళుతుంది."

పుస్తకంలోంచి తెల్లకాగితం చింపి బల్ల మీద పెట్టాడు. నేను పెన్ను తీసుకున్నాను.

"ఉద్యోగం పోతుందే!" అన్నాడు అన్నయ్య. ఈసారి గొంతులో కోపం లేదు, నిజంగానే నా కోసం భయపడ్డాడు. "ఒక్క పేరు కోసం బతుకు పాడు చేసుకుంటావా?"

నేను రాయడం మొదలుపెట్టాను. సాగు చేస్తున్న రైతు పేరు అన్న మాట దాకా వచ్చి ఒక్క క్షణం ఆగాను.

వదిన నా వెనక నిలబడి ఉంది. నా భుజం మీద చెయ్యి వెయ్యలేదు, వద్దని కూడా అనలేదు.

"ఇంటిపేరుతో సహా రాయి," అంది.